బాపు కాలి గోరుకి పాలసీ పైసలు వస్తాయా?

బిడ్డా,

మీ అమ్మ నిన్న ఫోన్‌లో బాపు బొటనవేలి సంగతి చెప్పింది. గోరు పక్కనుంచి కండలోకి దిగిందట, చుట్టూ ఎర్రగా వాచిందట. బాపు మాత్రం నొప్పే లేదు, అదే తగ్గుతుందిలే అంటున్నాడట. నువ్వు అడిగింది పాలసీ గురించి, అది చెప్తా. కానీ ముందు ఆ "నొప్పి లేదు" అన్న మాటే నాకు టెన్షన్‌గా ఉంది. ఇన్నేళ్లుగా షుగర్ ఉన్న మనిషికి గోరు కండలో దిగినా తెలియట్లేదంటే కాళ్లలో స్పర్శ తగ్గుతోందేమో చూడాలి. పొలంలో తుమ్మముల్లు గుచ్చుకున్నా అట్లాగే తెలియకుండా పోతుంది. రేపో ఎల్లుండో డాక్టరు దగ్గరికి తీసుకుపో. పాలసీ సంగతి తేలేదాకా ఆగొద్దు.

ఇక పాలసీ. మహబూబ్‌నగర్‌లో ఇన్సూరెన్స్ డెస్క్ మీద పని చేసినన్నాళ్లూ ఇదే ప్రశ్న నా ముందుకొచ్చేది. గోళ్లు కత్తిరించడం, ఆనెలు చెక్కించడం, మడమల పగుళ్లకి మందు రాయించుకోవడం, ఇలాంటి వాటికి మన మామూలు హెల్త్ పాలసీ పైసలివ్వదు. కనీసం 24 గంటలు అడ్మిట్ అవ్వాలి, లేదంటే డే కేర్ కింద, అంటే చేసి అదే రోజు ఇంటికి పంపేదిగా, ఒప్పుకున్న ఆపరేషన్ అయి ఉండాలి. ఓపీలో చూపించుకుని ఇంటికొచ్చేది ఈ రెంటిలోకీ రాదు. ఓపీ కవర్ అని విడిగా అమ్ముతారు. దానికి ఏటా ఎంత కట్టాలి, ఏడాదికి ఎంత వరకు ఇస్తారు, రెండూ కాగితం మీద పక్కపక్కన రాసి చూసుకున్నాకే తీసుకో. కట్టేదానికీ వచ్చేదానికీ పెద్ద తేడా లేకపోతే వదిలెయ్.

మీ అన్న అమెరికా నుంచి ఫోన్ చేసి అక్కడ చెప్పులకి కూడా ఇన్సూరెన్స్ ఇస్తుందన్నాడట కదా. నిజమే. అక్కడ పెద్దవయసు వాళ్లకి ప్రభుత్వం నడిపే ఇన్సూరెన్స్ మెడికేర్ మామూలుగా గోళ్లు కత్తిరించడానికి ఇవ్వదు కానీ, షుగర్‌తో పాదాలు బాగా దెబ్బతిన్నవాళ్లకి డాక్టరు రాసిస్తే ఏడాదికి ఒక జత ప్రత్యేకమైన చెప్పుల ఖర్చులో వాటా భరిస్తుంది. మన దగ్గర అట్లా కాదు. పాలసీలో చెల్లించని 68 ఐటమ్స్ జాబితా ఒకటి ఉంటుంది, పాలసీ బుక్‌లెట్ చివర్లో చూడు. డయాబెటిక్ ఫుట్‌వేర్ అందులోనే ఉంటుంది. క్రేప్ బ్యాండేజీ, బ్యూటీ సర్వీసులు కూడా అందులోవే. నువ్వు కన్జ్యూమబుల్స్ రైడర్, అంటే ఇలాంటి వాడి పారేసే సామాన్ల కోసం అదనంగా కొనే కవర్, తీసుకుని ఉంటే ఆ జాబితాలో కొన్నిటికి పైసలొస్తాయి. ఏవి వస్తాయో కంపెనీని మెయిల్‌లో అడుగు, జవాబు దాచుకో.

బాపు విషయంలో గోరు తీయాల్సి రావచ్చు. మత్తు సూది ఇచ్చి కాసేపట్లో తీసేస్తారు, అదే రోజు ఇంటికి పంపిస్తారు. కొన్ని పాలసీల డే కేర్ జాబితాలో ఇది ఉంటుంది, కొన్నిట్లో ఓపీ పనే అని తిప్పికొడతారు. అందుకే తీయించే ముందే ఆసుపత్రి డెస్క్ నుంచి కంపెనీకి రిక్వెస్ట్ పెట్టించు. ఇలా బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టమని అడిగే క్యాష్‌లెస్ రిక్వెస్ట్ మీద గంటలోపు ఏదో ఒకటి చెప్పాలని 2024లో ఐఆర్‌డీఏఐ, అంటే ఇన్సూరెన్స్ కంపెనీలని అదుపు చేసే ప్రభుత్వ సంస్థ, నిబంధన పెట్టింది. చీము పాకి కండ పాడైతే మాత్రం అడ్మిట్ చేసి శుభ్రం చేయాల్సి వస్తుంది. అప్పుడు అది పాలసీ కింద అడగాల్సిన ఖర్చే.

ఇక్కడ డాక్టరు రాసే మాటలే క్లెయిమ్‌ని నిలబెడతాయి. బిల్లు మీద "నెయిల్ కేర్" అనో "ఫుట్ కేర్" అనో ఊరికే రాసి ఉంటే కంపెనీవాళ్లు అందం కోసం చేయించుకున్నదిగా చూస్తారు. షుగర్ ఎన్నేళ్లుగా ఉంది, పాదంలో స్పర్శ ఎట్లా ఉంది, గోరు కండలోకి పెరిగి చీము పట్టిందా, ఏం చేశారు, ఇవన్నీ కేసు షీట్‌లోనూ డిశ్చార్జ్ సమ్మరీలోనూ ఉన్నదున్నట్టు రాయమని మర్యాదగా అడుగు. లేనిది రాయించొద్దు. "ఒక రాత్రి పడుకోబెడదాం, క్లెయిమ్ అయిపోతుంది" అని ఎవరైనా అంటే ఒప్పుకోకు. అవసరం లేని అడ్మిషన్ అని తేలితే ఆ బిల్లు మొత్తం నీ మీదే పడుతుంది, మీ పాలసీకే ముప్పు రావచ్చు.

అందరూ నష్టపోయేది డిశ్చార్జ్ అయ్యాక. షుగర్ పుండు తొందరగా మానదు, వారాల తరబడి కట్టు మార్పించాల్సి ఉంటుంది. అడ్మిట్ కాకముందు 30 లేదా 60 రోజులు, ఇంటికొచ్చాక 60 లేదా 90 రోజుల ఖర్చులు చాలా పాలసీలు ఇస్తాయి. డ్రెస్సింగులు, గోలీలు, రక్తపరీక్షలు అన్నీ అదే జబ్బుకి అయితే ఇందులోకి వస్తాయి. కానీ ఆ బిల్లులు ఎవరి దగ్గరా ఉండవు. మెడికల్ షాపువాడిచ్చే ఆ నున్నటి కాగితం బిల్లు కొన్నాళ్లకి తెల్లగా వెలిసిపోతుంది. అంకె కనపడదు, తేదీ కనపడదు. అట్లాంటి కాగితాల కట్ట పట్టుకుని పెద్దమనుషులు నా డెస్క్ ముందు నిలబడితే నాకు కడుపు తరుక్కుపోయేది. అందుకే బిల్లు చేతికి రాగానే ఫోన్‌లో ఫోటో తీసి, జిరాక్స్ చేయించి, ఆ రోజు డాక్టరు రాసిన చీటీతో కలిపి పిన్ కొట్టు. ఒరిజినల్ పారేయకు. కాగితాలు ఎన్ని రోజుల్లోపు పంపాలో ముందే తెలుసుకో.

ఇంకొకటి చూడు. పాలసీ తీసుకునేటప్పుడు నింపిన ప్రపోజల్ ఫారంలో బాపుకి షుగర్ ఉందని రాశారా? రాయకపోతే క్లెయిమ్ రాకముందే కంపెనీకి రాతపూర్వకంగా చెప్పు. ముందునుంచి ఉన్న జబ్బుకి వెయిటింగ్, అంటే పైసలివ్వకుండా ఆపే గడువు, ఇప్పుడు గరిష్ఠంగా 36 నెలలే. వరసగా 60 నెలలు పాలసీ నడిచాక మోసం చేశారని రుజువైతే తప్ప దాచారని కారణం చూపించి క్లెయిమ్ తిప్పికొట్టే వీల్లేదు. నీ ఆఫీసు గ్రూప్ పాలసీలో అమ్మా బాపుల పేర్లుంటే అదీ చూడు, చాలా గ్రూప్ పాలసీల్లో షుగర్‌కి మొదటి రోజు నుంచే కవర్ ఉంటుంది.

క్లెయిమ్ కొట్టేస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది, కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చేది అదే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 50 లక్షల దాకా వివాదాలు వింటారు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి.

మిగతా పాదాల పనికి మాత్రం జేబులోంచే పెట్టు, దానికి వెనకాడకు. వ్యక్తిగత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి తీసేశారు, ప్రీమియంలో ఆ మిగిలేదాన్ని దీనికే పక్కన పెట్టు. మహబూబ్‌నగర్ జనరల్ ఆసుపత్రిలో చూపిస్తే ఆ కాస్త ఖర్చూ తగ్గుతుంది. పది గ్రాముల ఒత్తిడికి వంగే మోనోఫిలమెంట్ అనే సన్నటి దారంతో పాదం మీద అక్కడక్కడా ఒత్తి స్పర్శ చూస్తారు. ఆ పరీక్ష చేయమని అడుగు. ఎంసీఆర్ చెప్పులు, అంటే షుగర్ పాదాలకి వాడే మెత్తటి రబ్బరు చెప్పులు, కొని ఇంట్లో కూడా వేయించు.

గోళ్లు స్నానం చేశాక మెత్తబడ్డప్పుడు మీ అమ్మ కత్తిరించాలి. అడ్డంగా తిన్నగా కత్తిరించి అంచులు అరగదీయాలి, మూలలు తవ్వొద్దు. మంగలి దగ్గర బ్లేడుతో ఆనె చెక్కించొద్దు. ఆనె పోవడానికని మెడికల్ షాపులో దొరికే మందు పట్టీ, కార్న్ క్యాప్ అంటించొద్దు, దాంట్లో మందు స్పర్శ లేని చర్మాన్ని తినేస్తుంది. వేడినీళ్ల బకెట్‌లో కాళ్లు పెట్టి కూర్చునే అలవాటు మాన్పించు. రాత్రి పడుకునే ముందు వేళ్ల సందులు, అరికాళ్లు లైటు కింద చూడాలి. వంగలేకపోతే అద్దం కింద పెట్టి చూసుకోమను.

డాక్టరు ఏం రాశాడో ఫోటో తీసి నాకు పంపు. పాలసీ బుక్‌లెట్‌లో డే కేర్ జాబితా ఉన్న పేజీలు కూడా పంపు. డెస్క్ వాళ్లతో ఏం మాట్లాడాలో ఫోన్‌లో చెప్తా.

మీ పెద్దమ్మ
మహబూబ్‌నగర్