అల్లుడూ, చెట్లు కోసే చైన్‌సా మిషను కొన్నావంట గదా

అల్లుడూ,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పింది సగం వినపడలేదబ్బయ్యా. ఎడం చెవి ఎప్పుడో పోయింది, ఇరవై ఏళ్లు చెవుల్లో దూది కూడా పెట్టుకోకుండా మిషను పట్టా గదా మరి. అందుకే ఇట్టా రాస్తా ఉండా, తీరిగ్గా చదువుకో. (ముందు ఇయర్‌మఫ్‌లు కొనుక్కో, తర్వాతే మిగతాది.) మీ అమ్మ అయితే ఒకటే ఏడుపు, ఒంగోల్లో ఏసీ షోరూంలో ఉద్యోగం వదిలేసి చెట్లు కొట్టే పనికి దిగాడు నీ అల్లుడు, అంతా నీ పోలికే అని. నాకు లోపల సంతోషంగానే ఉండింది గానీ అక్కకి చెప్పలా.

నువ్వడిగింది మిషనుకి ఏ కంపెనీ చైన్, బార్ (చైన్ తిరిగే ఇనప పట్టీ) 18 అంగుళాలా 22 అంగుళాలా అని. అది షాపోడు చెప్తాడు. నేను చెప్పేదల్లా, చెట్టు మీద బరువు యాడుందో తెలీకుండా మిషను తాడు లాగబాక. చెట్టు దగ్గరికి పోంగానే మిషను బండిలోనే ఉంచి చుట్టూ రెండు సార్లు తిరుగు, కొమ్మలు ఎటు ఎక్కువున్నాయి, బోదె ఎటు వాలింది, గాలి ఎటు కొడతా ఉంది, మొదట్లో కుక్కగొడుగులు మొలిచాయా, గొడ్డలి వెనకతో తడితే గట్టిగా పలుకుతుందా డొల్లగా మోగుతుందా, పైన తేనెపట్టు గానీ కందిరీగల తుట్టె గానీ ఉందా, ఇవన్నీ చూడు. ఇంటి ముందు వేప అయితే మేకులు కూడా చూసుకో, పెళ్లిళ్లకి షామియానా కట్టినోళ్లు, ఫ్లెక్సీలు కట్టినోళ్లు కొట్టినవి బెరడు లోపలికి పోయుంటాయి, ఒక్కటి తగిలిందంటే చైన్ పళ్లు పోయినట్టే. పూజ చేసే చెట్టయితే వాళ్లని పసుపు కుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకోనీ, తొందరపెట్టబాక. ఆ పది నిమిషాలు నీకు ఇంకోసారి చూసుకోడానికి పనికొస్తాయి.

నీ వయసులో కావలిలో ఒకాయన ఇంట్లో చింతచెట్టు ఒప్పుకున్నా. డాబా మీదికొచ్చిన కొమ్మ, తొడంత లావు. పైనుంచి ఒకే కోత పెట్టా. సగం తెగంగానే కొమ్మ కిందికి వంగింది గానీ ఊడిపడలా, బెరడుని బోదె దాకా చీల్చుకుంటా దిగి, ఆ చీలికనే పట్టుకుని వేలాడి, ఊగి పిట్టగోడని గుద్దింది. నా కూలి ఆ గోడకే సరిపోయింది. బోదె మీద మూరెడు గాయం, రెండేళ్ల తర్వాత ఆ వీధిలో పోతా చూస్తే ఆడ పుచ్చు పట్టి ఉంది.

అందుకని లావు కొమ్మ ఏదైనా మూడు కోతలు పెట్టు. బోదెకి అడుగు దూరంలో కిందనుంచి పైకి మొదటిది, కొమ్మ లావులో మూడో వంతు దాటబాక, దాటితే బార్ ఇరుక్కుంటుంది. రెండోది దానికి రెండు మూడు అంగుళాలు అవతల, పైనుంచి కిందికి, అప్పుడు కొమ్మ చీలకుండా టక్కున విరిగి పడిపోద్ది. మిగిలిన మోడు మూడో కోతతో తియ్యాల. ఆ మూడోదే చానామందికి రాదు. కొమ్మ బోదెకి అతుక్కున్న చోట మెడ మీద మడత మాదిరి ఉబ్బెత్తుగా ఉంటుంది చూడు, దాన్ని ముట్టుకోబాక, దాని అంచుకి బయటగా కొయ్. చూసేదానికి నున్నగా ఉంటదని బోదెకి ఆనించి కోస్తారు, ఆ ఉబ్బులోనుంచే కొత్త బెరడు వచ్చి గాయాన్ని కప్పేది, అదే లేకపోతే ఇంకేం కప్పుద్ది? అట్టని జానెడు మోడు వదిలినా తప్పే, ఎండి పుచ్చి లోపలికి దిగుద్ది. తారు పూయమంటారు కొందరు, చెట్టుకి దాంతో పని లేదు. ఉలవపాడు పక్క మామిడి తోటల్లో మాత్రం కాపు అయిపోయినాక కొమ్మలు తీసి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూస్తారు, రైతు పూయమంటే పూయి. ఆ పనికి పోతే ఫుల్ చేతుల చొక్కా వేసుకో, మామిడి సొన పడితే ఒళ్లు పొక్కిపోద్ది.

కింద రేకులో, డాబాలో ఉంటే కొమ్మని పడెయ్యకూడదు, దించాల. పైన గట్టి పంగలోంచి తాడు వేసి, కింద బోదెకి రెండు మూడు చుట్లు తిప్పి, కొస పట్టుకున్నోడు మెల్లగా వదులుతా ఉండాల. కొసని చేతికి చుట్టుకోబాకండ్రా అని మన పిలకాయలకి నూరు సార్లు చెప్పా. నా కుడిచెయ్యి చిటికెన వేలు ఎందుకు వంకరో మీ అమ్మనడుగు.

ఎక్కడం నేను తాటిచెట్లు ఎక్కే గీత కార్మికుల దగ్గర నేర్చుకున్నా, మోకు మీద వాళ్లకున్న ఒడుపు ఇంకెవరికీ రాదు. అయితే వాళ్ల చేతిలో ఉండేది కత్తి, నీ చేతిలో ఉండేది కన్ను మూసి తెరిచేలోగా తాడు తెంపే చైన్. పైన మిషను పట్టేటప్పుడు రెండు తాళ్లు ఉండాల, ఒకటి పోయినా ఇంకోటి నిన్ను మొయ్యాల. ఒంటిచేత్తో కొయ్యబాక. బార్ కొసలో పైభాగం దేనికన్నా తగిలిందంటే మిషను మొహం మీదికి ఎగురుద్ది, ఎడమ బొటనవేలు హ్యాండిల్ చుట్టూ తిరిగుంటేనే పట్టు నిలుస్తుంది. అసలు మొదటి ఏడాది నువ్వు పైకెక్కబాక, కింద తాడు పట్టు.

చెట్టు మొత్తం పడెయ్యాలంటే, పడే వైపు బోదె లావులో నాలుగో వంతు దాకా ముక్క తీసి నోరు మాదిరి గాడి పెట్టు, తర్వాత వెనకనుంచి కోసుకుంటా వచ్చి మధ్యలో పదో వంతు చెక్క వదులు, 20 అంగుళాల బోదె అయితే రెండంగుళాలు. అది తలుపుకి బందు ఉన్నట్టు, చెట్టు దాని మీద తిరిగి నువ్వనుకున్న పక్కకి పడుద్ది. అది కూడా కోసేశావా, ఎటు పడుద్దో దేవుడికే తెలియాల. బాగా వాలిపోయిన జామాయిల్, సుబాబుల్ లాంటివి వెనక కోత సగంలో ఉండంగానే నిలువునా చీలి ఆ బద్ద పైకి లేస్తుంది, ఎదురుగా ఉన్నోడి మొహం ఉండదు. అట్టాంటివి నువ్వొక్కడివే ఉంటే ముట్టుకోబాక, నన్ను పిలువు.

మన పక్క అసలు గిరాకీ తుపాన్లప్పుడు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నాకు మూడు రోజులు నిద్ర లేదు. ఒక బడి ఆవరణలో పెద్ద వేప వేళ్లతో సహా పెకలించుకుని పడింది, వేళ్ల ముద్ద మనిషెత్తున మట్టి గోడ మాదిరి నిలబడింది, దాని కింద గుంట. మాతో వచ్చిన పిల్లోడొకడు జల్లుకి తడవకుండా ఆ గుంటలో కూర్చుని బీడీ కాల్చుకుంటా ఉన్నాడు. నేను ఇవతల బోదె మీద బార్ పెట్టబోతా ఎందుకో ఆ పక్కకి చూశా. అరిచి వాణ్ణి బయటికి లాగించి, అప్పుడు కోశా. బోదె బరువు పోంగానే ఆ వేళ్ల ముద్ద లేచి ధబ్బుమని మళ్లీ గుంటలో కూర్చుంది, చెట్టు అసలు పడలేదన్నట్టు. వాడి బీడీ కట్ట అందులోనే ఉండిపోయింది. వాడు ఆ సాయంత్రం దాకా నోరు తెరవలా. పడిపోయిన చెట్టు చచ్చిన పాము అనుకోబాక అల్లుడూ, కొమ్మలన్నీ విల్లు మాదిరి వంగి ఉంటాయి, లోపలి వంపు వైపు కాస్త కోసి, తర్వాతే బయటి వైపు కొయ్యాల, నువ్వు అది ఎగిరే పక్కన నిలబడకుండా.

తీగల పక్కన పనైతే లైన్‌మన్ వచ్చి ఎల్సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైన్లో కరెంటు ఆపించడం) తీసుకున్నానని నీకెదురుగా చెప్పి, తీగకి ఎర్త్ వేసినాక ఎక్కు. ఊరంతా కరెంటు పోయిందిలే అని ఎక్కబాక, ఎవరింట్లోనో జనరేటర్ నుంచి వెనక్కి వస్తుంది. తడి తాడు, పచ్చి కొమ్మ రెండూ కరెంటుని మోస్తాయి.

ఇంక చైన్. కోసేటప్పుడు బద్దలు బద్దలుగా వస్తే పదునున్నట్టు, పిండి మాదిరి పొట్టు వస్తే మొద్దుబారినట్టు, మిషను మీద ఒరగబడి నొక్కేదానికంటే ఆగి ఆకురాయి పట్టుకో. చైన్‌కి తగ్గ సైజు గుండ్రటి ఆకురాయి ఉంటుంది, పాయింట్ 325 అంగుళం పిచ్ చైన్‌కి 4.8 మిల్లీమీటర్లది. ఒక్కో పంటికి మూడు నాలుగు తోపులు, అన్నిటికీ ఒకే లెక్క, లేకపోతే కోత వంకర పోద్ది. పెట్రోల్లో టూ స్ట్రోక్ ఆయిల్ బుక్కులో ఎంతుంటే అంతే, 50కి 1 అని ఉంటే లీటరుకి 20 మిల్లీ.

బేరం ముందే తెంచుకో, కట్టె ఎవరిది, ఆకూ అలమా ఎవరు ఎత్తాల, అడితికి తోలే ట్రాక్టర్ బాడుగ ఎవరిది. చెట్టు మొత్తం కొట్టాలంటే 2002 వాల్టా (నీళ్లు, భూమి, చెట్ల) చట్టం ఉండాది, ఓనర్ని పర్మిషన్ కాగితం చూపించమను. నిద్రగన్నేరు తల మొత్తం గుండు కొట్టమంటారు కొందరు, నీ అంత మొనగాడు లేడని మునగచెట్టు ఎక్కించి మరీ. చెయ్యబాక. ఆ మోళ్ల మీద మొలిచే కొత్త కొమ్మలు పై బెరడుకి అతుక్కునుంటాయంతే, నాలుగేళ్లకి బరువెక్కి గాలికి ఊడిపడతాయి, అప్పుడు పేరు పోయేది నీదే.

ఆదివారం పొద్దున్నే రా. మా దొడ్లో ఎండిన తుమ్మ మొద్దు ఉంది, చైన్‌కి నువ్వే ఆకురాయి పట్టి తీసుకురా, బద్దలొస్తాయో పొట్టొస్తదో దాని మీద చూద్దాం. బూట్లేసుకుని రా, చెప్పులతో వస్తే మాత్రం మిషను ముట్టనియ్యను.

మీ మామ