పాతదల్లా అరుదు కాదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగింది ఒక్కటే: నా దగ్గరున్నది అరుదైనదా, కాదా? బ్యాంకులో క్యాష్ కౌంటర్ మీద కూర్చున్న రోజుల నుంచి ఈ ప్రశ్న వింటున్నాను. రిటైరై హన్మకొండలో ఇంటిపట్టున ఉన్నా ఇదే ప్రశ్నతో తలుపు తడతారు. అందుకే ఈ విషయం మీదే నాలుగు ఉత్తరాలు తీసుకున్నాను.

ప్రశ్న: సార్, నమస్తే. మా బిడ్డ, అల్లుడు న్యూజెర్సీలో ఉంటారు. మనుమనికి పద్నాలుగేళ్ళు. పాత బేస్‌బాల్ కార్డులు జమ చేస్తున్నాడు. 1967లో టాప్స్ కంపెనీ వేసిన 609 కార్డుల సెట్ మొత్తం పూర్తి చేయాలని వాని పట్టుదల. సగానికి పైగా అయ్యాయట. ఇప్పుడు చివరి నంబర్లకు మాత్రం బాగా రేటు చెప్తున్నారని, అమ్మేవాళ్ళు ప్రతిదాన్నీ 'రేర్' అంటున్నారని ఫోన్లో బాధపడ్డాడు. వాళ్ళ నాన్న ఇదంతా దండగ అంటాడు. పుట్టినరోజుకు కొన్ని పైసలు పంపుదామని నాకుంది. ఏ కార్డుకు పంపాలి? ఇంకో మాట, మా ఆయన దాచిన నిజాం కాలపు చార్మినార్ రూపాయలు నాలుగున్నాయి. అవి వానికి పంపొచ్చా?
- ఒక అమ్మమ్మ, నయీంనగర్, హన్మకొండ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి చాలా సంతోషమేసింది. పద్నాలుగేళ్ళ పిల్లవాడు ఓపికగా 609 కార్డులు నంబరు నంబరుగా వెతుకుతున్నాడంటే అది దండగ పని కాదు. అల్లుడుగారికి ఈ జవాబు చదివి వినిపించండి.

చివరి నంబర్లకు రేటు ఎందుకు ఎక్కువంటే, టాప్స్ చూయింగ్ గమ్ కంపెనీ. గమ్ ప్యాకెట్లో ఆటగాళ్ళ కార్డులు పెట్టి అమ్మేది. ఆ రోజుల్లో సెట్ మొత్తం ఒకేసారి వేసేవాళ్ళు కాదు. ఆటల సీజన్ మొదలవుతుంటే మొదటి విడత, ఎండాకాలం పొడుగునా ఒకదాని వెనక ఒకటి మిగతా విడతలు. ఆఖరి విడత దుకాణాలకు చేరేసరికి పిల్లలు బడికి వెళ్ళిపోయేవాళ్ళు, మనసంతా ఫుట్‌బాల్ మీదికి మళ్ళేది. దుకాణదారులు ఆ విడతను తక్కువగా తెప్పించేవాళ్ళు. అందుకే 1967 సెట్లో 534 నుంచి 609 దాకా ఉన్న 76 కార్డులు మిగతావాటి కంటే తక్కువ దొరుకుతాయి. 1974 నుంచి టాప్స్ మొత్తం సెట్‌ను ఒక్కసారే విడుదల చేసింది. ఆ తర్వాతి సెట్లలో ఈ ఇబ్బంది లేదు.

అంటే మీ మనుమడు అడుగుతున్న ఆ 76 కార్డులు నిజంగానే కష్టమైనవి. అమ్మేవాళ్ళు అక్కడ అబద్ధం చెప్పడం లేదు. కానీ 200వ నంబరు కార్డును కూడా 'రేర్' అంటే మాత్రం నమ్మొద్దని చెప్పండి.

వాడు తెలుసుకోవాల్సిన అసలు సంగతి ఇంకొకటుంది. ఒక కార్డు తక్కువగా ఉండడానికీ, దాన్ని ఎక్కువమంది కోరుకోవడానికీ సంబంధం లేదు. 1952 టాప్స్ సెట్‌ను చూడమనండి. అందులో 407 కార్డులు. ఆఖరి విడత 311 నుంచి 407 వరకు, అంటే 97 కార్డులు. అచ్చు వేసే షీటు మీద వంద చోట్లున్నాయి. మిగిలిన మూడు చోట్ల మూడు కార్డులను రెండోసారి వేశారు. అవి 311 మికీ మాంటిల్, 312 జాకీ రాబిన్‌సన్, 313 బాబీ థామ్‌సన్. అంటే ఆ విడతలో మిగతా 94 కార్డుల కంటే మాంటిల్ కార్డు రెట్టింపు అచ్చయింది! అయినా 2022 ఆగస్టులో ఒక మాంటిల్ కార్డు కోటీ 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అదే విడతలో సగమే అచ్చయిన మామూలు ఆటగాడి కార్డు పేరు ఎవరికీ గుర్తుండదు. మాంటిల్ మీద అక్కడి జనానికున్న ప్రేమ, ఆ కార్డు డెబ్భై ఏళ్ళ తర్వాత కూడా కొత్తదానిలా ఉండడం, ఈ రెండూ కలిసి ఆ ధర తెచ్చాయి.

అచ్చయినవన్నీ మిగలవు కూడా. 1952 ఆఖరి విడతలో అమ్ముడుపోని పెట్టెలను 1960లో పడవలో తీసుకెళ్ళి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని టాప్స్‌లో పనిచేసిన సై బెర్గర్ తర్వాత చెప్పాడు. ఎన్ని వేశారన్న లెక్క ఒకటైతే, ఎన్ని బతికాయన్న లెక్క ఇంకొకటి. సేకరించేవాడికి రెండోదే కావాలి.

వయసు సంగతీ అంతే. 1909 నుంచి 1911 వరకు సిగరెట్ పెట్టెల్లో వచ్చిన టీ206 అనే కార్డులకు వందేళ్ళు దాటాయి. అవి లక్షల్లో వచ్చాయి కాబట్టి మామూలు ఆటగాళ్ళవి ఇప్పటికీ సంతల్లో దొరుకుతున్నాయి. హోనస్ వాగ్నర్ తన బొమ్మ వేయడానికి ఒప్పుకోకపోవడంతో అతని కార్డు ముద్రణ తొందరగా ఆగిపోయింది. ఇవాళ కొన్ని పదులే మిగిలాయి. అదే సెట్లో జో డాయిల్ కార్డు మీద టీమ్ పేరు తప్పు పడి, వెంటనే దిద్దారు. ఆ తప్పు కార్డులు వాగ్నర్ కంటే కూడా తక్కువ. ధర మాత్రం వాగ్నర్ దరిదాపుల్లోకి రాదు. ఇక 1980ల చివర్లో, 1990ల మొదట్లో కార్డులు ఎంత విపరీతంగా అచ్చువేశారంటే, ముప్పై అయిదేళ్ళు గడిచినా వాటిని కట్టలు కట్టి చవకగా అమ్ముతున్నారు.

మరి వాడు ఎట్లా తేల్చుకోవాలి? నేను నాణేలకు ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. ఎవరి చేతిలో ఏ నాణెం చూసినా సంవత్సరం, ఎట్లా ఉంది, ఎంత అడిగారు అన్నది రాసుకుంటాను. కొనకపోయినా రాస్తాను. కొన్నేళ్ళకు ఏది మాటిమాటికీ కనిపిస్తోందో, ఏది అసలు కనిపించడమే లేదో ఆ పేజీలే చెప్తాయి. వాడు కూడా తనకు లేని నంబర్లు రాసుకుని, ఈబే అనే ఆన్‌లైన్ సంతలో ఆరు నెలలపాటు ఏ నంబరు ఎన్నిసార్లు అమ్మకానికి వచ్చింది, చివరికి ఎంతకు పోయింది అన్నది రాయాలి. అడిగిన ధర కాదు, అమ్ముడుపోయిన ధర.

పీఎస్ఏ, ఎస్‌జీసీ లాంటి కంపెనీలు కార్డును పరీక్షించి, 1 నుంచి 10 వరకు గ్రేడు ఇచ్చి, ప్లాస్టిక్ డబ్బాలో బిగిస్తాయి. ఏ కార్డు ఎన్ని గ్రేడ్ చేశారో పట్టిక కూడా పెడతాయి. అది ఉపయోగమే, కానీ కళ్ళు మూసుకుని నమ్మకూడదు. రెండు మూడు డాలర్ల కార్డుకు ఎవరూ ఫీజు కట్టి గ్రేడింగ్ చేయించరు. కాబట్టి పట్టికలో దాని అంకె చిన్నగా ఉంటుంది. దాన్ని చూపించి 'రేర్' అని అమ్మేవాళ్ళున్నారు. ఇంకోవైపు, మంచి గ్రేడు కోసం ఒకే కార్డును డబ్బా పగలగొట్టి మళ్ళీ మళ్ళీ పంపుతారు. డబ్బాలోని పాత గ్రేడు లేబుల్ కంపెనీకి వాపసు ఇవ్వకపోతే ఆ ఒక్క కార్డే రెండు మూడుసార్లు లెక్కలోకి ఎక్కుతుంది.

ఇక మీ పైసలు. టామ్ సీవర్ మొదటి కార్డు, నంబరు 581, ఆ సెట్లో అందరూ పడి చచ్చే కార్డు. 569 రాడ్ కెరూ కూడా అంతే. వాటికి ఇప్పుడే పంపకండి. అవి ఎప్పుడు కావాలన్నా ఎవరో ఒకరు అమ్ముతూనే ఉంటారు, పైసలుంటే చాలు. పైగా సీవర్ కార్డుకు నకిలీలు ఎక్కువ. కొన్ననాడు గ్రేడ్ చేసినదే కొనాలి. నా మాట వింటే, ఆ 76లో పేరులేని ఆటగాళ్ళ కార్డులు అయిదారు ఒకే అమ్మకందారు దగ్గర తీసుకోమనండి. పోస్టేజీ కలిసొస్తుంది. మూలలు ఎంత అరిగితే సరే అనుకోవాలో ముందే నిశ్చయించుకుని, సెట్ మొత్తం ఆ స్థాయిలోనే కూర్చమనండి. ఒకటి తళతళలాడుతూ, పక్కది మడతపడి ఉంటే ఆల్బమ్ చూడబుద్ధి కాదు. ఫొటోలో అంచులు కూడా చూడాలి. అరిగిన అంచును బ్లేడుతో కోసి కొత్తదానిలా చూపిస్తారు. అట్లాంటి కార్డు మిగతావాటి పక్కన పెడితే ఇంత చిన్నదిగా తేలిపోతుంది.

చార్మినార్ రూపాయలు మాత్రం పంపకండి అమ్మా. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువే. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. నాణెం మీద హిజ్రీ సంవత్సరం ఉర్దూ అంకెల్లో ఉంటుంది, తెలిసినవాళ్ళతో చదివించండి. 1343 గానీ అంతకు ముందుది గానీ అయితే నూరేళ్ళు నిండినట్టే. మీ దగ్గరే ఉంచండి. సెలవులకు వచ్చినప్పుడు వాని చేతిలో పెట్టి, తాతయ్య వాటిని ఎందుకు దాచాడో చెప్పండి.

ప్రశ్న: నిజాం వెండి నాణేల సెట్ కూర్చాలనుకుంటున్నాను. ప్రతి సంవత్సరానికి ఒకటి కొనాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: సంవత్సరాల జోలికి అప్పుడే వెళ్ళకండి. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలానివి రూపాయి, అర్ధ రూపాయి, పావలా, బేడ (రెండణాలు) ఒక్కొక్కటి తీసుకోండి. చార్మినార్ నడిమి కమాను లోపల చూడండి, ఆయన పేరులోని మొదటి అక్షరం 'ఐన్' ఉంటుంది. పాలన మొదట్లో ఆ అక్షరం సగమే చెక్కారు, తర్వాత నిండుగా వచ్చింది. ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్ నాణేల మీద ఆ చోట 'మీమ్' ఉంటుంది. ఈ మూడు రకాలూ గుర్తుపట్టడం వస్తే మీకు సగం పని వచ్చినట్టే.

వెండి నాణేలకు టంకసాల లెక్కలు పెద్దగా పనికిరావు. కొట్టినవాటిలో ఎన్ని కంసాలి కుంపట్లో కరిగిపోయాయో ఎవరూ రాసిపెట్టలేదు. మన జిల్లాల్లో ఇంకొకటుంది. మహబూబాబాద్, నర్సంపేట వైపు తండాల్లో ఆడవాళ్ళు వెండి రూపాయలకు కొక్కెం అతికించి దండలుగా, రవికెల మీద అలంకారంగా వేసుకునేవాళ్ళు. నా దగ్గరికి వచ్చిన వాటిలో పైన టంకం మచ్చ ఉన్నవి చాలా ఉంటాయి. సేకరించేవాళ్ళు వీటికి తక్కువ ఇస్తారు. నేను మాత్రం ఒకటి రెండు ఇష్టంగా ఉంచుకున్నాను. ఒక మనిషి మెడలో ఉన్న నాణేన్ని లోపమని తీసేయడానికి నాకు మనసొప్పదు. కానీ మీరు మచ్చలేని నాణెం ధర పెట్టి మచ్చ ఉన్నది కొనకండి. పైఅంచును భూతద్దంతో చూడండి. మచ్చను రుద్ది మాపినా అక్కడ గీతలు మిగులుతాయి.

ప్రశ్న: ట్రాక్టర్ బొమ్మ ఉన్న అయిదు రూపాయల నోటుకు లక్షలు ఇస్తామని వాట్సాప్‌లో వచ్చింది. రిజిస్ట్రేషన్‌కు 2,500 కట్టమంటున్నారు. కట్టాలా?
- డిగ్రీ విద్యార్థి, పెద్దపల్లి

జవాబు: ఒక్క రూపాయి కూడా కట్టొద్దు తమ్మీ. ఆ నోటు కోట్లలో అచ్చయింది, ఇప్పటికీ చెల్లుతుంది. వైష్ణోదేవి నాణెం గురించి వచ్చే మెసేజ్‌లూ ఇంతే. పాత నోట్లు, నాణేల లావాదేవీలకు తాము ఎలాంటి ఫీజూ కమీషనూ తీసుకోమని, తమ పేరు మీద వసూలు చేయడానికి ఎవరికీ అనుమతి ఇవ్వలేదని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది. కొనేవాడు మనకు పైసలిస్తాడు, మన దగ్గర తీసుకోడు. ఆధార్, బ్యాంకు వివరాలు ఇచ్చి ఉంటే ఇవాళే బ్యాంకుకు వెళ్ళండి. పైసలు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యం చేయొద్దు.

ప్రశ్న: గోదావరి ఒడ్డున మా చెల్కలో దున్నుతుంటే బూడిద రంగు చిన్న బిళ్ళలు బయటపడ్డాయి. బరువుగా ఉన్నాయి. చింతపండుతో తోమితే అక్షరాలు కనిపిస్తాయా? ఎంత పలుకుతాయి?
- రైతు, జగిత్యాల జిల్లా

జవాబు: అన్నా, తోమొద్దు. చింతపండు వద్దు, నిమ్మకాయ వద్దు, పీతాంబరి అసలే వద్దు. మీరు చెప్పిన రంగు, బరువు చూస్తే సీసం నాణేలు అయ్యుండొచ్చు. సీసం మెత్తగా ఉంటుంది, పులుపు తగిలితే పైపొర పోయి అక్షరాలు చెరిగిపోతాయి. చేత్తో పట్టుకుంటే చేతులు కడుక్కోండి, పిల్లలకు అందనీయకండి.

మీ జిల్లాలోనే ఉన్న కోటిలింగాల గురించి మీకు తెలిసే ఉంటుంది. శాతవాహనుల తొలి రాజు సిముకుని నాణేలు అక్కడే దొరికాయి. వాటితో పాటు అంతకు ముందున్న గోబద, నారన, సమగోప లాంటి పాలకుల పేర్లు కూడా బయటికొచ్చాయి. ఆ నాణేలకు అంత విలువ రావడానికి కారణం అవి ఫలానా నేలలో దొరికాయని తెలియడమే. అదే నాణెం నగరంలో ఒక దుకాణం పెట్టెలోకి చేరితే ఆ సంగతి పోతుంది, చరిత్ర రాసేవాళ్ళకు దానితో సగం పని కూడా కాదు.

అందుకని అమ్మే ఆలోచన పక్కన పెట్టండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దాగి ఉండి బయటపడినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. చెల్కలో అవి బయటపడిన చోట ఒక కర్ర పాతి, ఎంత లోతులో, పక్కన కుండపెంకులు ఏమైనా ఉన్నాయా అన్నది కాగితం మీద రాసిపెట్టండి. వాళ్ళు వచ్చి చూసేదాకా ఆ చుట్టూ నాగలి పెట్టకండి.