“అర్థం కాలేదు” అని ఆపేయకండి, ఎక్కడ ఆగిపోయారో రాయండి

మీ ప్రశ్న నాకు అర్థమైంది. ఒక చిన్న టీమ్ చేసిన పాయింట్ అండ్ క్లిక్ (తెర మీద వస్తువుల్ని నొక్కుతూ ఆడే) మిస్టరీ గేమ్ డెమో ఆడారు. అంతా కలలో జరిగినట్టుంది, అయినా వదలబుద్ధి కాలేదు. వాళ్లు ఫీడ్‌బ్యాక్ అడిగితే “బాగుంది, కానీ అర్థం కాలేదు” తప్ప ఏం రాయాలో తోచట్లేదు.

మాది పర్లాకిమిడి, ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా ఊరు. రెండేళ్ల క్రితం ఇలాంటి డెమో ఒకటి మా అక్క కూతురితో కలిసి ఆడాను. నేనూ మొదట సరిగ్గా ఆ మాటే రాసి పంపాను. తయారుచేసినాయన ఓపిగ్గా అడిగాడు: “ఎక్కడ నొక్కారు? నొక్కితే ఏమవుతుందనుకున్నారు?” ఫీడ్‌బ్యాక్ అంటే ఏంటో నాకు అప్పుడు తెలిసింది.

కథ అంతుపట్టకపోవడం వేరు, ఏం చేయాలో పాలుపోకపోవడం వేరు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రస్టీ లేక్ వాళ్లు 2015లో తెచ్చిన ‘క్యూబ్ ఎస్కేప్: సీజన్స్’ చూడండి. ఒకే గది 1964 వసంతం నుంచి 1981 శీతాకాలం దాకా నాలుగు కాలాల్లో కనిపిస్తుంది. ఆ ఇంట్లో అసలేం జరిగిందో ఆట ముగిశాక కూడా పూర్తిగా తేలదు. అయినా ఏ వస్తువు తీయాలి, ఎక్కడ వాడాలి అన్నది తడుముకుంటూనే దొరుకుతుంది. మొదటి రకం అయోమయం ఈ ఆటలకు అందం. రెండోదే వాళ్లకు చెప్పాల్సింది.

మేం ఆడిన డెమోలో ఒక పాత ఇల్లు, గోడకు అద్దం. పిల్ల చూడగానే అంది, “మావయ్యా, అద్దంలో బొమ్మకి నీడ నేదేటి?” అదే క్లూ అనుకున్నాం. దీపం ఆర్పాం, కర్టెన్ లాగాం, సంచిలో ఉన్న ప్రతి వస్తువునూ అద్దం మీద పెట్టి చూశాం. నలభై నిమిషాలు పోయాయి. తర్వాత తెలిసింది, అక్కడ నీడ గీయడం మర్చిపోయారట! మామూలు ఆటలో అయితే ఆ తప్పు ఎవరి కంటా పడదు. వింతలన్నీ కావాలని పెట్టినవే అని నమ్మి ఆడే ఆటలో మాత్రం బొమ్మలో చిన్న పొరపాటు కూడా సాక్ష్యంలా కనిపిస్తుంది. గీసినవాళ్లకు అది ఎప్పటికీ కనబడదు. అందుకే మీరు దేన్ని క్లూ అనుకుని మోసపోయారో తప్పకుండా రాయండి. మా ఉత్తరం మొత్తంలో వాళ్లకు ఎక్కువ పనికొచ్చింది ఈ ఒక్క ముక్కే.

ఇంకో చోట జాడీల మీద ఇంగ్లీషు అక్షరాలు. వెనక నుంచి చదివితే వేరే మాట వస్తుంది. మా పిల్లకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. అక్షరాలు చదివింది కానీ ఆ మెలిక పట్టుకోలేకపోయింది, ఏడుపు ముఖం పెట్టింది. అదే పిల్ల ‘మషినారియం’ దాదాపు తనే పూర్తి చేసింది. చెక్ దేశానికి చెందిన అమానిటా డిజైన్ వాళ్ల 2009 నాటి ఆట అది, పాత్రలు మాటలతో కాక బొమ్మలతో మాట్లాడతాయి. మా సరిహద్దు ఊళ్లలో ఇలాంటి పిల్లలు ఇంటింటికీ ఉంటారు. ఆ సంగతి రాశాను. తర్వాతి వెర్షన్‌లో జాడీల మీద బొమ్మలు వచ్చాయి.

రాత్రి అమ్మ నిద్రపోతుందని సౌండ్ తీసేసి ఆడాం, పియానో పజిల్ దగ్గర ఇరుక్కుపోయాం. మీరు ఫోన్‌లో ఆడారా, సౌండ్ ఉందా, ఎంతసేపు ఆడారు, ఇవీ రాయండి.

జవాబు వేరే చోట చూసి ఉంటే దాచొద్దు. చూశాక “అరె, ఇదా!” అనిపించిందా, “ఇది ఎవరికి తడుతుంది?” అనిపించిందా? మొదటిదైతే పజిల్ బాగున్నట్టే, మీకు కాస్త ఓపిక సరిపోలేదంతే. రెండోదైతే క్లూ చాలలేదు. పరిష్కారం మీరే సూచించాలన్న టెన్షన్ అక్కర్లేదు, అది వాళ్ల పని.

ఒక్క మాట. మళ్లీ ఆడకముందే రాయండి. రెండోసారి చేయి దారి తెలిసినట్టు పోతుంది, మొదటిసారి ఎక్కడ తడబడ్డారో ఇక గుర్తుకు రాదు.