ఇల్లూ వాకిలీ: లంకలో మండువా ఇల్లు అమ్మకానికి ఉంది, కొనమంటారా?

ప్రశ్న: అయ్యా, మేం హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఉంటాం. మా ఆవిడ పుట్టిల్లు అమలాపురం దగ్గర. సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడటానికి వెళ్ళినప్పుడు, పి.గన్నవరం వైపు గోదావరి పాయల మధ్య ఉన్న ఒక లంక ఊళ్ళో, నడిమధ్య ఆకాశం కనిపించే పాత మండువా లోగిలి అమ్మకానికి ఉందంటే వెళ్ళి చూశాం. తొంభై ఏళ్ళ నాటిదట. పెంకుటిల్లు, టేకు స్తంభాలు, ముందు పొడుగాటి అరుగు, వెనక నుయ్యి, అరవై సెంట్ల పెరడు. ఆనుకుని ఉన్న ఎకరం కొబ్బరి తోట కూడా కలిపి ఇస్తామంటున్నారు. వారసులు ఎవరూ ఊళ్ళో లేరు. రిటైరయ్యాక అక్కడే ఉండాలని మా ఇద్దరి ఆశ. "లంకలో ఇల్లేంటి నాన్నా" అని మా అబ్బాయి ఒకటే పోరు. అడ్వాన్స్ ఇవ్వమని బ్రోకర్ తొందరపెడుతున్నాడు. ఏమేం చూసుకోవాలి?
- పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అడ్వాన్స్ ఇప్పుడే ఇవ్వకండి. మీరు ఆ ఇంటిని చూసింది సంక్రాంతికి. గోదావరి పాయ సన్నబడి, ఇసుక తిన్నెలు తేలి, పెరట్లో బంతిపూలు విరగబూసే రోజులవి. ఆ నెలలో కోనసీమలో ఏ ఇల్లు చూసినా కొనేయాలనే అనిపిస్తుంది. జులై ఆఖర్లోనో ఆగస్టులోనో మరోసారి వెళ్ళండి. మీ ఆవిడనూ తీసుకెళ్ళండి, వీలైతే మీ అబ్బాయినీ. లంకలో ఇల్లు కొనేవాళ్ళు వరద రోజుల్లో ఒక్కసారైనా ఆ ఊరు చూసి తీరాలి. చూడకుండా కొన్నవాళ్ళలో చాలామంది మొదటి వరదకే తాళం వేసి వెళ్ళిపోవడం నాకు తెలుసు.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. టీవీలో ఈ అంకెలు వినిపించగానే లంకల్లో ఆడవాళ్ళు బియ్యం డబ్బాలు అటక మీదికి ఎక్కిస్తారు. మీరు తెలుసుకోవలసింది, మీరు కొనబోయే ఊరికి ఏ హెచ్చరిక దగ్గర దారి తెగుతుందన్నది. మొదటి హెచ్చరికకే మునిగే కాజ్‌వేలు (పాయ దాటడానికి వేసిన ఎత్తు తక్కువ దారులు) ఉన్నాయి. అది మునిగాక పాలు, మందులు, బడి పిల్లలు, అన్నీ పడవ మీదే. ఇంట్లోకి నీళ్ళు రాకపోయినా, దారి మునిగి ఉన్నన్ని రోజులూ ఊరు దాటాలంటే పడవ ఎక్కాల్సిందే. మీ ఇద్దరిలో ఎవరికైనా గుండె జబ్బో, వారం వారం ఆసుపత్రికి వెళ్ళే పనో ఉంటే ఈ ఒక్క కారణానికే వద్దంటాను.

ఇక ఇంట్లోకి నీళ్ళు ఎంతవరకు వచ్చాయో అమ్మేవాళ్ళను అడగక్కర్లేదు, ఇల్లే చెబుతుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. అమ్మకానికి పెట్టిన ఇంటికి కొత్తగా సున్నం కొడతారు కాబట్టి ముందు గదిలో గోడ మీద గీత కనిపించదు. సున్నం చీపురు చేరని చోట్లు చూడండి. గోడలోకి దిగిన పాత బీరువా లోపల, తలుపు గడియ దిగే బెజ్జంలో, అటక నిచ్చెన వెనక. బెజ్జంలోకి చిన్న పుల్ల పెట్టి గీకితే మెత్తటి ఒండ్రు మట్టి రాలిందంటే నీళ్ళు అంతవరకు వచ్చాయన్నమాట. తరువాత పక్కింటి ముసలమ్మను అడగండి. "ఎనభయ్యారులో ఇదిగో ఇక్కడికొచ్చిందండీ" అని తన నడుం మీదో, భుజం మీదో చెయ్యి పెట్టి చూపిస్తుంది. ఆ రెండూ సరిపోలితే మీకు లెక్క తేలినట్టే.

అరుగు ఎక్కడానికి మెట్లు ఎన్నో కూడా చూడండి. పాతకాలం వాళ్ళు లంకల్లో పునాది బాగా ఎత్తుగా కట్టేవారు. 1986లో అరుగు దాకా వచ్చి ఆగిన ఇల్లయితే అంతకంటే మంచి పరీక్ష మనం పెట్టలేం. గదుల్లో నడుం లోతు నిలిచిన ఇల్లయితే నా మాట విని వదిలేయండి.

వరద కంటే నాకు ఎక్కువ భయం గట్టు కోత. వరద వచ్చి పోతుంది, కోత వస్తే నేలే ఉండదు. లంకలు గోదావరి తెచ్చిన ఒండ్రుతో ఏర్పడినవి. ఒక వైపు మేట వేస్తుంది, మరో వైపు కోస్తుంది. ఇంటి దగ్గర నుంచి నది ఒడ్డుకు నడిచి వెళ్ళండి. ఒడ్డు నిట్టనిలువుగా తెగి, కొబ్బరి చెట్ల వేళ్ళు గాలిలో వేలాడుతుంటే ఆ వైపు కోత నడుస్తోందని అర్థం. సర్వేయర్‌ని పెట్టుకుని పాత ఎఫ్ఎంబీ పటంలో (సర్వే నంబరు హద్దులూ కొలతలూ చూపే ప్రభుత్వ పటం) ఆ గట్టు ఎక్కడుందో, ఇప్పుడు ఎక్కడుందో కొలిపించండి. ఈ ఖర్చుకు వెనకాడకండి.

ఇక ఇల్లు. ఎవరైనా మండువాలో నిలబడి పైకి చూసి ముచ్చటపడతారు. మీరు కింద చూడండి. మండువా అంటే నాలుగు వైపుల కప్పుల మీది వాననీరూ లోపలికే పడే ఏర్పాటు. ఆ నీరంతా ఒక్క తూములోంచి బయటికి పోవాలి. తూము పూడితే ఇల్లే చెరువవుతుంది. నాలుగు బిందెల నీళ్ళు గుమ్మరించి ఎంతసేపట్లో పోతుందో చూడండి. కప్పులో కారే చోటు దాదాపు ఎప్పుడూ ఒకటే, రెండు వాలులు కలిసే మూల. అక్కడి వాసాలు నల్లబడి ఉంటే ఆ మూల విప్పి మళ్ళీ వేయించాల్సిందే.

స్తంభాలు పైన నిగనిగలాడుతుంటాయి. పాడయ్యేది పాదం. రాతి దిమ్మ మీద కర్ర ఆనే చోట వేళ్ళ కణుపులతో కొట్టండి. మంచి టేకయితే గట్టిగా పలుకుతుంది, చెద తిన్నదయితే బోలుగా మోగుతుంది. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే అర అంగుళం దిగిందంటే ఆ స్తంభం పాదం కోసి కొత్త ముక్క అతికించాలి. మన దగ్గర ఆ పని చేయగల వడ్రంగులు ఇంకా ఉన్నారు. అతుకు పడిన స్తంభాన్ని చూసి ఇల్లు పోయిందనుకోకండి, అది పెద్ద లోపం కాదు.

ఆ కర్రకు ఒక చరిత్ర ఉంది. భద్రాచలం పైనున్న మన్యంలో కొట్టిన టేకు దుంగల్ని తెప్పలు కట్టి గోదావరి మీద రాజమండ్రికి దింపేవారు. డెల్టాలోని పాత ఇళ్ళకు చాలా కర్ర ఆ దారినే వచ్చింది. ఇప్పుడు అలాంటి కర్ర కొనాలన్నా దొరకదు. అందుకే బ్రోకర్ తొందరపెడుతున్నాడని నా అనుమానం. మీకంటే ముందు వచ్చి అడిగేవాడు తరచుగా ఉండటానికి వచ్చినవాడు కాదు, పడగొట్టి స్తంభాలూ దూలాలూ ద్వారబంధాలూ రిసార్టులకూ హోటళ్ళకూ అమ్ముకునేవాడు. అలా విప్పేసిన లోగిళ్ళ ఖాళీ స్థలాలు కోనసీమలో ఊరూరా ఉన్నాయి, అవి చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. మీలాంటి వాళ్ళు కొని ఉంటామంటే నాకు సంతోషమే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కొన్నాక ఒక్క పని మాత్రం చేయకండి. గానుగ సున్నంతో కట్టిన గోడలకు సిమెంటు ప్లాస్టరింగ్ వద్దు. లంక నేలలో తేమ ఎప్పుడూ ఉంటుంది. సున్నపు గోడ దాన్ని పీల్చి బయటికి వదిలేస్తుంది. సిమెంటు వేస్తే తేమ లోపలే ఉండిపోయి ఏడాది తిరక్కుండా పెచ్చులూడతాయి, దానితో పాటు పాత ఇటుక కూడా పొడిపొడి అవుతుంది. మేస్త్రి "సిమెంటే గట్టి సార్" అంటాడు. ఒప్పుకోకండి. మళ్ళీ సున్నమే వేయించండి.

తోట సంగతి. ఎకరం కొబ్బరితో సంసారం గడుస్తుందనే లెక్క వేసుకోకండి. దింపు కూలి, ఒలుపు కూలి పోను మిగిలేది తక్కువ, పైగా దింపుకు మనుషులు దొరకడం కష్టమైపోయింది. ఆకుల అడుగున తెల్లటి చుట్టలు చుట్టలుగా మైనం లాంటిది ఉండి, కింది ఆకుల మీద నల్లటి మసి పట్టి ఉంటే అది సర్పలాకార తెల్లదోమ. చెట్టు మొదట్లో ఎర్రగోధుమ రంగు జిగురు కారుతుంటే గానోడెర్మా తెగులు. తెల్లదోమకు మందు ఉంది, గానోడెర్మా ముదిరితే చెట్టు దక్కదు. ఒక ఫోటో తీసుకుని అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానానికి వెళ్ళండి, చూసి చెబుతారు. చెట్లు బాగుంటే కింద కోకో, కంద, అరటి వేసుకోవచ్చు. లంక ఒండ్రులో కంద ఊరినట్టు ఇంకెక్కడా ఊరదని నా నమ్మకం.

కాగితాలు. లంకల్లో భూమి మూడు రకాలుగా ఉంటుంది: సొంత హక్కు ఉన్న జిరాయితీ పట్టా, ప్రభుత్వం పేదలకిచ్చిన డీ పట్టా, ప్రభుత్వ లంక పోరంబోకు. చూడటానికి మూడూ ఒకే తోటలా ఉంటాయి, మధ్యలో కంచె కూడా ఉండదు. డీ పట్టా భూమి బదిలీని 1977 చట్టం నిషేధించింది. తరువాత సడలింపులు వచ్చినా మీరు ఆ తలనొప్పి జోలికి పోవద్దు. భూమి ఎవరి పేర ఉందో చూపే అడంగల్, 1-బి రికార్డులు తీయించి, సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో అడగండి. ఇంటి స్థలం గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ళకని వదిలిన నేలలో ఉంటే దస్తావేజు లేకుండా పంచాయతీ పన్ను రసీదులే ఉండవచ్చు. అది మోసం కాదు, అక్కడ మామూలే. అయితే వారసులందరి సంతకాలూ ఉండాలి, అమెరికాలో ఉన్నవాళ్ళవి కూడా. ఒక్కరు మిగిలినా కొనకండి.

ఆఖరి మాట, మీ ఇద్దరిలో ఒకరైనా ఏడాదిలో ఎక్కువ రోజులు అక్కడ ఉండగలరా? పొయ్యి వెలగని మండువా ఇల్లు రెండు వానాకాలాలు కూడా ఆగదు. పిల్లులు పెంకులు కదుపుతాయి, ఎవరూ సర్దరు, మూల నానుతుంది, చెద ఎక్కుతుంది. పండక్కి వచ్చి పోయేటట్టయితే అమలాపురంలో ఫ్లాట్ చూసుకోండి. ఉంటామంటే ఆగస్టు దాకా ఆగి, పైన చెప్పినవన్నీ చూసుకుని, ధైర్యంగా కొనండి.

ప్రశ్న: నాకు అమెరికా పౌరసత్వం, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతి వారికిచ్చే) కార్డు ఉన్నాయి. ముమ్మిడివరం వైపు ఒక లంకలో పాత ఇల్లు, దానితో రెండెకరాల కొబ్బరి తోట కొనాలనుకుంటున్నాను. నా పేరు మీద కుదరదంటే మా బావమరిది పేరు మీద కొనవచ్చా?
- డాలస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఊళ్ళో ఇల్లు కొనవచ్చు, తోట కొనకూడదు. ఫెమా (విదేశీ మారక ద్రవ్య చట్టం) నిబంధనల ప్రకారం ఓసీఐలు వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనడానికి వీల్లేదు, బహుమతిగా తీసుకోవడానికీ వీల్లేదు. మీ నాన్నగారి నుంచి వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైలకు కూడా కొనుగోలు విషయంలో ఇదే నియమం.

బావమరిది పేరు మీద మీ డబ్బుతో కొంటే అది బినామీ. 2016లో సవరించిన చట్టం కింద ఆస్తి జప్తు చేయవచ్చు, జైలు కూడా పడవచ్చు. పైగా రేపు ఆయన పిల్లలు "ఇది మా నాన్న తోట" అంటే కోర్టులో మీరు నోరెత్తలేరు. ఇల్లు, ఇంటి స్థలం వరకు విడిగా దస్తావేజు చేస్తామంటే కొనుక్కోండి. పెరట్లో పది కొబ్బరి చెట్లు ఎలాగూ ఉంటాయి. ఆ స్థలం రికార్డుల్లో నివాస స్థలంగా ఉందో లేదో ముందు చూసుకోండి.

ప్రశ్న: మా నాన్నగారు 2009లో వీలునామా రాయకుండా పోయారు. లంకలో మా తాతల నాటి ఇల్లు మా అన్నయ్యలిద్దరూ అమ్మేస్తున్నారు. నాకు 1992లో పెళ్ళయింది. "ఆడపిల్లకు పుట్టింట్లో వాటా ఏంటి, వచ్చి సంతకం పెట్టి పో" అంటున్నారు. నాకు హక్కు ఉందా? నాకు డబ్బు కంటే ఆ ఇల్లు పడగొడతారేమోనని బెంగ.
- ఒక సోదరి, భీమవరం

జవాబు: హక్కు ఉందమ్మా. వాటా లేదంటూనే సంతకం అడుగుతున్నారంటే ఉందని వాళ్ళకూ తెలుసు. 2005 సవరణతో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా వచ్చింది. అదీకాక, మగవాళ్ళు పంచుకుంటే తప్ప ఆడపిల్ల నివాస గృహంలో పంపకం అడగరాదనే పాత సెక్షన్ 23ని కూడా అప్పుడే తీసేశారు. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నాటికి పెళ్ళికాని ఆడపిల్లలకు అంతకు ముందే ఆ హక్కు ఇచ్చారు, మీరు ఆ లెక్కలోకీ వస్తారు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకం జరిగి ఉంటే మాత్రం సంగతి వేరు. అది ఉందేమో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) తీయించి చూడండి.

ఏమీ చదవకుండా సంతకం పెట్టకండి, ముఖ్యంగా హక్కు విడుదల పత్రం మీద. గొడవకు దిగే ముందు అన్నయ్యలతో ఒక మాట అనండి: "కొనేవాడు అక్కడ ఉండేవాడైతే సంతకం పెడతాను, కర్రకోసం కొనేవాడైతే పెట్టను." మీ సంతకం లేకుండా చేసిన అమ్మకం మీ వాటాకు చెల్లదు, ఈ సంగతి తెలిసిన కొనుగోలుదారు ఎవరూ ముందుకు రారు. కాబట్టి ఎవరికి అమ్మాలనే విషయంలో మీ మాటకు విలువ ఉంటుంది. ఇల్లు చూడటానికి ఎవరైనా వస్తున్నారంటే, వీలు చేసుకుని మీరే వెళ్ళి చూపించండి.