గ్రాండ్ సెంట్రల్ ఆయిస్టర్ బార్‌కు అమ్మానాన్నలను తీసుకువెళ్లే ముందు

చిరంజీవి మేనల్లుడికి మేనమామ ఆశీస్సులు.

అక్కయ్య, బావగారు వచ్చే నెలలో న్యూయార్క్ వస్తున్నారని, వారిని గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లోని ఆయిస్టర్ బార్‌కు భోజనానికి తీసుకువెళ్లాలని అనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ నేను ఎన్నోసార్లు వెళ్లిన చోటు గనుక కొన్ని సంగతులు ముందుగా చెప్పడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

అది 1913లో స్టేషన్‌తోపాటే మొదలైన, ఆయిస్టర్లకు, అంటే తినే ఆల్చిప్పలకు, పేరుపడ్డ హోటల్. మధ్యలో మూతపడి, 1974లో మళ్లీ తెరుచుకుంది. కింది అంతస్తులో ఉంటుంది. లోపలికి అడుగుపెట్టగానే కూర్చునే తొందర పడకుండా పైకప్పు చూపించు. పలుచని పెంకులను పొరలు పొరలుగా అతికిస్తూ కమానులు లేపిన గ్వాస్టావినో సంస్థ పనితనం అది. అయితే ఆ పెంకులు ప్రతి శబ్దాన్నీ వెనక్కి కొడతాయి. ఆఫీసుల వాళ్లు గుంపుగా వచ్చే మధ్యాహ్నపు వేళ పక్క మనిషి మాట కూడా వినపడదు కనుక, మూడు గంటల ప్రాంతంలో వెళ్లడం మేలు. ఆ రోజున తెరిచి ఉంటారో లేదో ముందే కనుక్కో.

బల్ల దగ్గర కాకుండా కౌంటర్ దగ్గరే కూర్చోండి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు పెద్ద హోటల్ అనే మర్యాదకు పోయి బల్ల దగ్గర కూర్చుని, నూనెలో వేయించిన చేపల పళ్లెం తెప్పించుకున్నాను. అలాంటిది ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. అక్కడి అసలు పని కౌంటర్ వెనకాల జరుగుతుంది. ఆవిరితో వేడెక్కే చిన్న చిన్న గుండిగలు వరసగా బిగించి ఉంటాయి. వంటమనిషి వాటిలో వెన్న, ఆయిస్టర్లు, చిల్లీ సాస్, మీగడ వేసి, కొద్ది నిమిషాలు కలిపి, గుండిగను పిడితో అలాగే వంచి, గిన్నెలో ఉంచిన టోస్ట్ ముక్క మీద పోస్తాడు. పైన చిటికెడు పాప్రికా అనే ఎర్రటి మిరపపొడి. దాన్ని పాన్ రోస్ట్ అంటారు. పేరులో రోస్ట్ ఉన్నా అది వేపుడు కాదు, చిక్కటి పులుసు లాంటిది. టోస్ట్ అడుగున నాని మెత్తబడేలోగా తినాలి.

ఇక పచ్చి ఆయిస్టర్ల విషయం. దీన్ని శ్రద్ధగా చదువు. బావగారికి మధుమేహం ఉంది కనుక ఆయన పచ్చివి ముట్టకూడదు. వెచ్చని సముద్రపు నీటిలో పెరిగే విబ్రియో అనే సూక్ష్మజీవి పచ్చి ఆయిస్టర్లలో ఉండవచ్చు. ఆరోగ్యవంతులకు అది చాలావరకు కడుపునొప్పి, విరేచనాలతో పోయినా, కాలేయ వ్యాధి, మధుమేహం ఉన్నవారికి ప్రాణం మీదికి తేవచ్చు. నిమ్మరసం పిండినా, ఘాటు సాస్ వేసినా అది చావదు, బాగా ఉడికిస్తేనే చస్తుంది. ఎంత పేరున్న హోటల్ అయినా చూసి గానీ, వాసన పట్టి గానీ దాన్ని కనిపెట్టడం సాధ్యం కాదు. అందుకే ఆయనకు పాన్ రోస్ట్ చెప్పి, బాగా ఉడికించమని వంటమనిషిని అడుగు. మీగడ వద్దంటే మాన్‌హట్టన్ క్లామ్ చౌడర్ ఉంది. అది క్లామ్ అనే మరో రకం చిప్పజీవితో, టమాటాతో చేసే పులుసు, మన నోటికి త్వరగా అలవాటవుతుంది.

నీకు పచ్చివి రుచి చూడాలని ఉంటే ఒకేసారి డజను చెప్పకు. అట్లాంటిక్ తీరానివి రెండు, పసిఫిక్ తీరానివి రెండు చాలు. మెనూలో పేర్లు చాలా ఉంటాయి, అవి ఎక్కువగా పెరిగిన చోటును బట్టి పెట్టినవి. ఈ రోజు ఏవి బాగున్నాయని చిప్పలు విప్పే మనిషినే అడుగు, సంతోషంగా చెబుతాడు. చిప్పలోని ఉప్పు నీటిని పారబోయకుండా, ముందు ఏమీ కలపకుండా ఒకటి తిను. అట్లాంటిక్‌వి ఉప్పగా, పసిఫిక్‌వి కాస్త తియ్యగా, ఒక్కోసారి దోసకాయ వాసనతో ఉంటాయి. ఒకప్పుడు న్యూయార్క్ రేవులోనే ఇవి విస్తారంగా పెరిగేవి. మురుగునీటి వల్ల 1927 నాటికి అక్కడ వాటిని పట్టడం ఆగిపోయింది. ఇప్పుడు తినేవన్నీ బయటి నుంచి వచ్చినవే. ఈ సంగతి అక్కయ్యకు చెప్పు, తను ఇలాంటివి ఇష్టంగా వింటుంది.

ధర రాయకుండా మార్కెట్ ప్రైస్ అని ఉన్న చోట ఎంతో అడిగాకే చెప్పు. అందులో చిన్నతనమేమీ లేదు. బిల్లులో పన్ను 8.875 శాతం ఉంటుంది. దానికి రెట్టింపుకు కాస్త ఎక్కువ టిప్పు ఇస్తే సరిపోతుంది.

బయటికి రాగానే హోటల్ ముందే నాలుగు కమానులు కలిసే చోటు ఉంది. అక్కయ్యను ఒక మూలన గోడ వైపు తిరిగి నిలబడమని, బావగారిని దానికి ఐమూలగా ఉన్న ఎదురు మూలన నిలబెట్టి, గోడకు నోరు దగ్గరగా పెట్టి మెల్లగా ఆమె పేరు పలకమను. అంత దూరాన, అంతమంది నడుస్తున్నా అక్కయ్యకు స్పష్టంగా వినపడుతుంది. ఆ సమయంలో నువ్వు అక్కయ్య పక్కనే ఉండు.

ఆశీస్సులతో,
నీ మేనమామ