మంచం పక్కన నవ్వితే తప్పా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. నాకు 41 ఏళ్ళు. ఎనిమిది నెలల క్రితం మావారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా రావడం లేదు, కష్టపడి ఒకటి రెండు ముక్కలు అంటారు. స్నానం, మందులు, ఎక్సర్‌సైజులు అన్నీ నేనే చూసుకుంటున్నాను. మొన్న ఒక సాయంత్రం ఇంటర్ చదివే మా పాప వాళ్ళ లెక్చరర్ పాఠం చెప్పే తీరు చేసి చూపిస్తే ఆపుకోలేక నవ్వేశాను. అప్పుడే గుమ్మంలోకి వచ్చిన మా వదిన, అంటే మావారి అక్క, "మా తమ్ముడు ఇలా పడి ఉంటే నీకు నవ్వెలా వస్తోంది?" అన్నారు. అప్పట్నుంచి టీవీ పెట్టడం లేదు. శనివారం గుడిలో భజనకు పోవడం మానేశాను. ముగ్గు అంటే ప్రాణం నాకు, ఇప్పుడు వాకిట్లో రెండు గీతలు గీసి వచ్చేస్తున్నాను. ఊరికే పాప మీద అరుస్తున్నాను. మావారి వికలాంగుల సర్టిఫికెట్ కోసం పెట్టాల్సిన కాగితాలు రెండు నెలలుగా సంచిలోనే ఉన్నాయి, ఏది ముందు చెయ్యాలో తోచదు. నేను నవ్వడం తప్పా?

జవాబు: అమ్మా, తప్పు కాదు. ఇది ముందే చెప్పేస్తున్నాను, మిగతాది చదివేదాకా కూడా మీరు ఆ బరువు మోయకూడదని.

మీ వదినది చెడ్డ మనసు అనుకోను. తమ్ముణ్ణి అలా చూడలేక వచ్చిన మాట అది. కానీ దాని వెనక మన ఇళ్ళల్లో పాతుకుపోయిన ఒక పట్టింపు ఉంది: మొగుడు మంచాన పడితే ఇల్లాలి ముఖంలో ఆ దుఃఖం ఎప్పుడూ కనపడుతూ ఉండాలి. అదే సేవ మగవాడు చేస్తూ, సాయంత్రం సెంటర్‌కి పోయి నలుగురితో టీ తాగొస్తే "పాపం, కాస్త తెరిపిన పడనీ" అంటారు. ఈ పట్టింపు నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. దుఃఖం ఉన్నచోట నవ్వు ఉండకూడదన్నది అసలు మనిషి మనసు తీరే కాదు.

1990లలో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో సుసాన్ ఫోక్‌మన్ అనే మనస్తత్వవేత్త, ఎయిడ్స్‌తో మరణానికి దగ్గరవుతున్న తమ జీవిత భాగస్వాములకు సేవ చేస్తున్న మగవాళ్ళను ఏళ్ళ తరబడి కలిశారు. అప్పటికి ఆ జబ్బుకు సరైన మందు లేదు. మొదట్లో ప్రశ్నలన్నీ కష్టాల గురించే. కొన్నాళ్ళకు ఆ సేవ చేసేవాళ్ళే అడిగారట, మా రోజుల్లో మంచి కూడా ఉంది, దాని గురించి అడగరేం అని. అడగడం మొదలుపెట్టాక బయటపడినవి చిన్న చిన్న సంగతులే: ఇష్టంగా ఒక వంట చేసుకోవడం, స్నేహితులు వచ్చి కూర్చోవడం. వాళ్ళ దిగులు తక్కువేం కాదు. ఆ దిగులు పక్కనే ఈ సంతోషాలూ ఉన్నాయి. వాటి ఆసరాతోనే వాళ్ళు మర్నాడు మళ్ళీ లేచి సేవ చేయగలిగారని ఆమెకు అర్థమైంది. మీ నవ్వు కూడా అలాంటిదేనమ్మా.

ఇక ఆ సంచిలోని కాగితాల సంగతి. మిమ్మల్ని మీరు బద్ధకస్తురాలని అనుకుంటున్నారేమో, కాదు. భయం పట్టుకున్నప్పుడు మనసు ఒక్కదాని మీదే బిగుసుకుంటుంది. పాము ఎదురైనప్పుడు అది ప్రాణం కాపాడుతుంది. ఎనిమిది నెలలు అదే బిగింపులో ఉంటే మాత్రం నాలుగు కాగితాలు కూడా కొండలా కనిపిస్తాయి. బార్బరా ఫ్రెడ్రిక్సన్ అనే పరిశోధకురాలు 1998 నుంచి చెబుతూ వచ్చింది దీనికి రెండో వైపు: సంతోషం, కుతూహలం, ప్రేమ, కృతజ్ఞత కలిగినప్పుడు మనసు విప్పారుతుంది, తోచనివి తోస్తాయి. అప్పుడే మీసేవలో తెలిసిన అబ్బాయి ఉన్నాడని గుర్తుకొస్తుంది. అలాంటి క్షణాల్లో మనుషులతో పెరిగిన దగ్గరితనం తర్వాత కష్టకాలానికి దాచుకున్న ధాన్యంలా పనికొస్తుంది.

ఆమె బృందం చేసిన ఒక ప్రయోగం మీలాంటివాళ్ళకు తరచూ చెబుతుంటాను. విద్యార్థులకు, ఇప్పుడే ప్రసంగం తయారుచేసుకోండి, కెమెరా ముందు మాట్లాడాలి అని చెప్పారు. గుండె దడదడలాడింది. ఆ తర్వాత కొందరికి కుక్కపిల్ల ఆటలాడే దృశ్యం, కొందరికి సముద్రపు అలలు, కొందరికి ఏ భావమూ కలిగించని దృశ్యం, మరికొందరికి ఏడిపించే దృశ్యం చూపించారు. ఆటలూ అలలూ చూసినవాళ్ళ గుండె త్వరగా కుదుటపడింది. ఏడుపు దృశ్యం చూసినవాళ్ళది అన్నిటికన్నా ఆలస్యంగా. టీవీ ఆపేసి, భజన మానేసి మీరు మీ గుండెకు ఆ కాస్త విశ్రాంతి కూడా లేకుండా చేసుకున్నారు.

అలాగని బలవంతంగా నవ్వమని కాదు. "పాజిటివ్‌గా ఉండు" అని ఎవరైనా అంటే ఎంత ఒళ్ళు మండుతుందో నాకు తెలుసు. ఏడుపొస్తే ఏడవండి. దొంగనవ్వు వల్ల అలసటే మిగులుతుంది. నేనడిగేది ఒక్కటే: వచ్చిన నవ్వును తుంచకండి. రేపు పొద్దున వాకిట్లో చుక్కలు పెట్టి పూర్తి ముగ్గు వేయండి. చుక్కలు లెక్కపెట్టుకునే ఆ పది నిమిషాలూ మందుల చీటీ మనసులోకి రాదు. పాపతో కూడా మాట్లాడండి. అమ్మ నవ్వి ఎన్నాళ్ళయిందో చూసి చూసి ఆ పిల్ల ఆ వేషం వేసి ఉంటుంది. దాని తర్వాత తిట్లు తిన్నది. "నువ్వు నవ్వించడం నాకు బాగుందమ్మా" అని ఒక్కమాట అనండి.

మీ ఉత్తరంలో ఒక విషయం లేదు. ఆ సాయంత్రం మీరు నవ్వుతున్నప్పుడు మంచం మీద ఆయన ముఖం ఎలా ఉంది? అందరి మాటలూ రాశారు, ఆయన సంగతి రాయలేదు. ఈసారి గమనించండి. కుడివైపు పడిపోయి మాట పోయిందంటే దెబ్బ ఎక్కువగా మెదడు ఎడమవైపున తగిలి ఉంటుంది. అలాంటివాళ్ళలో కొందరు మాట్లాడలేకపోయినా బాగా తెలిసిన పాట అందుకోగలరు. మీకు భజనలు వచ్చు కదా. ఆయనకు బాగా తెలిసినది ఒకటి మంచం పక్కన కూర్చుని నెమ్మదిగా పాడండి, చివరి పదం ఆయనకు వదిలేయండి. రాకపోతే నిరాశపడొద్దు, కలిసి కూర్చోవడమే చాలు. స్పీచ్ థెరపిస్టుకు కూడా చెప్పండి. ఆయన ఊరికే ఏడుస్తున్నా, ఎప్పుడూ దిగులుగా ఉన్నా అది డాక్టరుకు చెప్పాల్సిన విషయమే. పక్షవాతం తర్వాత మూడింట ఒకరికి కుంగుబాటు వస్తుంది, దానికి వైద్యం ఉంది.

మీ విషయంలోనూ ఒక జాగ్రత్త. రెండు వారాలు దాటినా దేనిమీదా ఆసక్తి లేకపోయినా, నిద్ర పట్టకపోయినా, బతికి ఏం లాభం అనిపించినా ముగ్గులూ పాటలూ సరిపోవు. 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బులుండవు, తెలుగులో మాట్లాడతారు.

ఇక మీ వదిన. ఆవిడతో వాదన పెట్టుకోకండి. "వదినా, శనివారం సాయంత్రం రెండు గంటలు మీ తమ్ముడి దగ్గర కూర్చుంటారా? మందు ఆరింటికి, దిండు ఎడమవైపు పెట్టాలి" అని అడగండి. కాదనరనే నా నమ్మకం. ఆ రెండు గంటలు మీరు గుడికి వెళ్ళి పాడండి.