ఇడ్లీ మాన్పించొద్దు, ఇంజెక్షన్ టైమ్ మార్చండి

టైప్ 1 డయాబెటిస్ ఉన్న మీ బాబుకి ప్లేటు ముందు కూర్చున్నాక ఇన్సులిన్ వేస్తున్నామని, ఇడ్లీ తిన్న గంటకి షుగర్ 280, మధ్యాహ్నం అన్నానికి ముందు 120 వస్తోందని, ఇడ్లీ మాన్పించాలా అని రాశారు. అంటే డోసు సరిపోతోంది, వేళే కుదరట్లేదు. ఎదిగే పిల్లాడికి ఇడ్లీ ఎందుకండీ మాన్పించడం! ర్యాపిడ్ ఇన్సులిన్ (త్వరగా పనిచేసేది) అయితే తినడానికి 15 నిమిషాల ముందు వేయండి, రెగ్యులర్ (పనిచేయడం కాస్త ఆలస్యంగా మొదలుపెట్టేది) అయితే 30. షుగర్ 70 లోపు ఉంటే మాత్రం ముందు గ్లూకోజ్ నీళ్లు తాగించి, 70 దాటాకే ఇన్సులిన్, తిండి.

అన్నం గరిటెల లెక్కన వద్దు, చిన్న డిజిటల్ కాటా కొనండి. 100 గ్రాముల వండిన అన్నంలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. డాక్టర్ 15 గ్రాముల పిండిపదార్థానికి 1 యూనిట్ ఇన్సులిన్ అని రాసిస్తే, 160 గ్రాముల అన్నానికి (సుమారు 45 గ్రాముల పిండిపదార్థం) 3 యూనిట్లు. పప్పు, పెరుగులోని పిండిపదార్థం విడిగా లెక్కలో కలుపుకోవాలి.

జబ్బు బయటపడిన కొత్తలో ప్యాంక్రియాస్ (ఇన్సులిన్ తయారుచేసే గ్రంథి) ఇంకా కొంత పనిచేస్తుంది. అదే డోసుకి షుగర్ పడిపోతుంటే డాక్టర్‌కి ఫోన్ చేసి తగ్గించుకోండి. బేసల్ ఇన్సులిన్ (రోజంతా నెమ్మదిగా పనిచేసేది) మాత్రం పిల్లాడు ఏమీ తినకపోయినా ఆపకండి.